పల్మనరీ హైపర్‌టెన్షన్: డేటా కుప్పలు పెరుగుతున్నాయి సరే, రోగి దాకా వచ్చేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

జన్యు పరిశోధనల గురించి, ఏఐ కొత్త మందులు కనిపెడుతోందన్న దాని గురించి మీ ఆరోగ్య పేజీలో తరచూ వార్తలు వస్తుంటాయి. అన్నీ శ్రద్ధగా చదువుతాను, ఎందుకంటే అలాంటి డేటాను విశ్లేషించడమే నా రోజువారీ పని, అందులోనూ ఎక్కువగా పల్మనరీ హైపర్‌టెన్షన్ అనే జబ్బుకు సంబంధించిన డేటా. ఈ జబ్బు మీద ఇప్పుడు జరుగుతున్నంత పరిశోధన ఇంతకుముందెప్పుడూ జరగలేదు. అయినా ఒక విషయం మాత్రం వార్తల్లో ఎక్కడా కనిపించడం లేదు, అది చెబుదామనే ఈ ఉత్తరం. వేల మంది దగ్గర రక్తం తీసుకుని లక్షల కొలతలు తీసినంత మాత్రాన ఏదీ తేలిపోదు. ఆ కొలత ఎవరిది, జబ్బు ఏ దశలో ఉండగా తీశారు, ఆ రోజు ఆ మనిషి గుండె పరిస్థితి ఏమిటి అన్న వివరాలు కూడా దాని వెంటే రావాలి. వచ్చినవి ఒకరి కంప్యూటర్లో ఉండిపోకుండా మిగతా పరిశోధకుల చేతికీ అందాలి. ఈ రెండూ సరిగ్గా జరగడం లేదు.

జబ్బు గురించి తెలియనివారికోసం రెండు ముక్కలు. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనిలో ఒత్తిడి పెరిగిపోవడమే పల్మనరీ హైపర్‌టెన్షన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అక్కడి సగటు ఒత్తిడి 14 ఎంఎం దగ్గర్లో ఉంటుంది, 20 దాటితే జబ్బు కింద లెక్క. చాలాకాలం ఆ గీత 25 దగ్గర ఉండేది, 2018లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో కిందికి దించారు. ఎకో చేస్తే అనుమానం వస్తుంది గానీ, ఖాయం చేసుకోవాలంటే మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టం పంపి నేరుగా కొలవాల్సిందే. డాక్టర్లు దీన్ని ఐదు గ్రూపులుగా విడగొట్టారు. ఎడమ గుండె జబ్బుల వల్ల వచ్చేది, ఊపిరితిత్తుల జబ్బుల వల్ల వచ్చేది, గడ్డకట్టిన రక్తం కరగకుండా నాళాల్లో ఉండిపోవడం వల్ల వచ్చేది, ఇలా. వీటిలో చిన్న ధమనుల గోడలే మందమెక్కి మూసుకుపోయే మొదటి గ్రూపు, అంటే పీఏహెచ్, అరుదైనది. 2021 నాటికి ప్రపంచం మొత్తం మీద సుమారు 1,92,000 మందికి ఉందని అంచనా. అణు స్థాయి పరిశోధన, అంటే జన్యువులు, ప్రొటీన్ల స్థాయిలో జరిగేది, ఎక్కువగా జరిగింది దీని మీదే.

ఆయాసం మొదటి లక్షణం. అదే చిక్కు. ఆయాసమంటే బరువు పెరిగారనో, ఆస్తమా అనో, రక్తం తక్కువనో, మనసులో టెన్షన్ అనో అనుకుంటారు. అమెరికాలో 1980లలో నడిపిన మొదటి జాతీయ రిజిస్ట్రీలో (రోగుల వివరాలు నమోదు చేసే పట్టికలో) లక్షణాలు మొదలయ్యాక జబ్బు తేలడానికి సగటున రెండేళ్లు పట్టేది, ఆ తరవాత వచ్చిన రిజిస్ట్రీల్లోనూ అది రెండేళ్లకు పైనే ఉంది. అప్పట్లో జబ్బు తేలిన వాళ్లలో సగం మంది 2.8 ఏళ్లకు మించి బతకలేదు. ఇప్పుడు మందులొచ్చి ఆయుష్షు చాలా మెరుగైంది, కానీ కనిపెట్టడంలో ఆలస్యం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక అసలు విషయానికొస్తాను. 2000 సంవత్సరంలో రెండు పరిశోధక బృందాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఈ జబ్బు వంశపారంపర్యంగా నడుస్తున్న కుటుంబాల్లో బీఎంపీఆర్2 అనే జన్యువు దెబ్బతిని ఉందని కనిపెట్టాయి. కుటుంబంలో నడిచే పీఏహెచ్‌లో నాలుగింట మూడొంతుల దాకా, కారణం తెలియని పీఏహెచ్‌లో 15 నుంచి 20 శాతం దాకా దీని వల్లే. అప్పుడు కథ అయిపోయిందనుకున్నారు చాలామంది. కాలేదు. ఆ మ్యుటేషన్ (జన్యువులో వచ్చిన ఆ మార్పు) ఉన్న ఆడవాళ్లలో జీవితకాలంలో సుమారు 42 శాతం మందికి, మగవాళ్లలో 14 శాతం మందికి మాత్రమే జబ్బు వస్తోంది. మిగతావాళ్లు అదే మ్యుటేషన్‌తో మామూలుగా బతికేస్తున్నారు. అక్కకు వచ్చి, అదే జన్యువు మోస్తున్న తమ్ముడికి రాకపోతే తేడా ఎక్కడుంది? ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చినా, వచ్చాక మగవాళ్ల పరిస్థితే ఎక్కువ దిగజారుతుంది, అదెందుకు? ఒక జన్యువును చూసి దీనికి జవాబు చెప్పలేం. జన్యువులు, ఆర్ఎన్ఏ, ప్రొటీన్లు, శరీరంలో తయారయ్యే చిన్న చిన్న రసాయనాలు, హార్మోన్లు, రోగనిరోధక కణాలు అన్నిటినీ ఒకే మనిషిలో కలిపి చూడాలి. ఒమిక్స్ అని మీరు వార్తల్లో రాసేది దీన్నే.

ఇదంతా ల్యాబ్‌లో కాలక్షేపం అనుకునేవాళ్లకు సోటాటర్‌సెప్ట్ అనే మందు సంగతి చెప్పాలి. అంతకుముందు ఉన్న మందులన్నీ ఎండోథీలిన్, నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే మూడు దారుల్లో పనిచేసేవి, ప్రధానంగా రక్తనాళాన్ని వదులు చేసేవి. గోడ మందమెక్కడం వాటితో ఆగేది కాదు. బీఎంపీఆర్2 సరిగ్గా పనిచేయకపోతే కణాలకు 'పెరగడం ఆపు' అనే సంకేతం తగ్గి, యాక్టివిన్లు అనే ప్రొటీన్ల వైపు నుంచి 'పెరుగు' అనే సంకేతం పైచేయి అవుతుందని తెలిశాక, ఆ యాక్టివిన్లను పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటి ఇస్తే ఏమవుతుందని చూశారు. ఎముకలు బలహీనపడటానికి, రక్తహీనతకు అని మొదట తయారు చేసిన మందే ఇది, ఆ దారిలోంచి ఇటు వచ్చింది. మూడు వారాలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. అప్పటికే పాత మందులు వాడుతున్న 323 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. 24 వారాలకు, ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం డమ్మీ మందు తీసుకున్నవాళ్లకంటే 40.8 మీటర్లు పెరిగింది. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు బాగా ముదిరినవాళ్ల మీద చేసిన మరో ట్రయల్‌ను ప్రయోజనం స్పష్టంగా కనిపించడంతో ముందే ఆపేశారు. ముక్కు నుంచి రక్తం కారడం, హిమోగ్లోబిన్ పెరగడం లాంటి ఇబ్బందులున్నాయి, అది కూడా చెప్పాలి. జన్యువు దొరికింది 2000లో, మందు వచ్చింది 2024లో. ఆ మధ్యలో ఎంతమంది పోయారో తలుచుకుంటే ఈ వేగం సరిపోదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రతి కథా ఇలా సుఖాంతం కాలేదు. ఈ జబ్బులో నాళాల గోడల్లోని కణాలు కేన్సర్ కణాల్లాగా గ్లూకోజ్‌ను వేరే తీరుగా వాడుకుంటాయి, చావాల్సిన సమయంలో చావవు, పీడీజీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్‌కు అతిగా స్పందిస్తాయి. అందుకని రక్త కేన్సర్ మందు ఇమాటినిబ్‌ను ప్రయత్నించారు. నడక మెరుగైంది, కానీ మెదడు పైపొరల కింద రక్తస్రావం లాంటి ప్రమాదకరమైన సమస్యలు కొందరిలో వచ్చాయి, మందు ఆగిపోయింది. ఆ మందు ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో ముందే చెప్పగల రక్తపరీక్ష ఒకటి ఉండి ఉంటే? పెద్ద డేటా మీద మా ఆశంతా ఇలాంటి చోట్లే.

దీనికోసం గట్టి ప్రయత్నాలే జరుగుతున్నాయి. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిన పీవీడోమిక్స్ అనే కార్యక్రమంలో ఐదు గ్రూపుల రోగులనూ, జబ్బు వచ్చే అవకాశం ఉన్నా రానివాళ్లనూ, ఆరోగ్యవంతులనూ కలిపి వెయ్యి మందికి పైగా చేర్చుకుని, క్యాథెటర్ పరీక్ష నుంచి నిద్ర పరీక్ష దాకా అన్నీ ఒకే పద్ధతిలో చేశారు. బ్రిటన్‌లో జాతీయ స్థాయి కోహార్ట్ (ఏళ్ల తరబడి గమనించే రోగుల బృందం) ఉంది, అక్కడి పరిశోధకుల ఆధ్వర్యంలో రోగుల పూర్తి జీనోమ్‌లు, అంటే జన్యు సమాచారం మొత్తం, చదివి 2018లో సాక్స్17, జీడీఎఫ్2, ఏక్యూపీ1, ఏటీపీ13ఏ3 అనే జన్యువుల పేర్లు ఈ జాబితాలో చేర్చారు. ఒక్క దేశంలో ఉన్న రోగులతో ఇలాంటివి తేలవు, అరుదైన జబ్బు కదా, అందుకే దేశాలు చేతులు కలిపాయి. నాకు వీటి మీద గౌరవం ఉంది, ఆ గౌరవంతోనే లోపాలు చెబుతున్నాను.

మొదటి లోపం ఊపిరితిత్తి ముక్క దగ్గరే. కేన్సర్‌లో అయితే గడ్డలోంచి ముక్క తీసి చూస్తారు, ఈ జబ్బులో అలా తీయడం రోగి ప్రాణానికే ప్రమాదం, రక్తస్రావం అవుతుంది. కాబట్టి మన చేతికొచ్చే ఊపిరితిత్తులు మార్పిడి ఆపరేషన్‌లో బయటికి తీసినవో, చనిపోయినవాళ్లవో. 2019లో వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనంలో 58 మంది పీఏహెచ్ రోగుల ఊపిరితిత్తులను, 25 మామూలు ఊపిరితిత్తులను పోల్చారు, ఈ రంగంలో అదే పెద్ద సంఖ్య. అవన్నీ ఆఖరి దశలోనివి, ఏళ్ల తరబడి రకరకాల మందులు తిన్నవి. అందులో కనిపించే మార్పు జబ్బును మొదలుపెట్టిందా, జబ్బు వల్ల వచ్చిందా, లేక మందుల వల్లా? ఎంత తెలివైన అల్గారిథమైనా ఆ ఒక్క ముక్కను చూసి చెప్పలేదు. మంటలు ఆరిపోయాక బూడిదను చూసి నిప్పు ఏ గదిలో అంటుకుందో చెప్పమన్నట్టు ఉంటుంది.

దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది, ఇది ఎక్కువమందికి తెలియదు. క్యాథెటర్ కొనన వేలి గోరంత బెలూన్ ఒకటి ఉంటుంది. పరీక్షలో దాన్ని ఉబ్బించి రక్తప్రవాహంతోపాటు ఊపిరితిత్తులకు వెళ్లే ధమని కొమ్మలోకి పోనిస్తారు, ఒత్తిడి కొలుస్తారు, గాలి తీసేసి వెనక్కి లాగేస్తారు, పరీక్ష అయ్యాక చెత్తలో పడేస్తారు. ఆ బెలూన్ ధమని గోడకు ఒరుసుకున్నప్పుడు లోపలి పొరలోని కణాలు కొన్ని దానికి అంటుకుని వస్తాయి. కొన కత్తిరించి, పోషకద్రవంలో వేసి, ఓపిగ్గా పెంచితే, బతికున్న రోగి ధమనిలోని అసలు కణాలే పళ్లెంలో పెరుగుతాయి. 2013 నుంచి దీని మీద పేపర్లున్నాయి. రోగికి అదనంగా సూది గుచ్చక్కర్లేదు, అదనపు ప్రమాదం లేదు, జబ్బు తేలిన మొదటి రోజే తీసుకోవచ్చు, మందు మొదలుపెట్టాక మళ్లీ క్యాథెటర్ చేసినప్పుడు ఇంకోసారీ తీసుకోవచ్చు. ప్రతిసారీ కణాలు పెరగవు, నిజమే. అయినా రోజూ ఇన్ని బెలూన్లు చెత్తలోకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రెండో లోపం చాలా చిన్నదిగా కనిపిస్తుంది, నా లెక్కలో అదే పెద్దది. రక్తం తీశాక ట్యూబును ఎంతసేపటికి సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పి రక్తకణాలను, ద్రవాన్ని (ప్లాస్మాను) వేరుచేసే యంత్రంలో, పెట్టారు అన్నది. ఆలస్యమైతే ప్లేట్‌లెట్లలో దాగి ఉన్న పదార్థాలు ప్లాస్మాలోకి కారిపోతాయి, అందులో పీడీజీఎఫ్ కూడా ఉంటుంది, పైన చెప్పిన ఇమాటినిబ్ కథలోని ప్రొటీనే. అంటే ఒక ఆసుపత్రిలో రోగుల ట్యూబులు సాయంత్రం దాకా బల్ల మీద ఉండి, ఆరోగ్యవంతుల ట్యూబులు వెంటనే ఫ్రీజర్‌కి వెళ్తే, కంప్యూటర్ భేషుగ్గా 'ఈ జబ్బులో పీడీజీఎఫ్ పెరిగింది' అని చెప్పేస్తుంది. అది జబ్బు గుణమో, బల్ల గుణమో ఎవరికి తెలుసు? ఆ సమయం రాసి ఉంటే సరిచేయొచ్చు, రాయకపోతే ఎవ్వరూ సరిచేయలేరు.

అలాంటిదే ఇంకొకటి. ఏ డేటా వచ్చినా మేం మొదట చేసే తనిఖీ ఎగ్జిస్ట్ అనే జన్యువు చూడటం. ఆడవాళ్లలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నిద్రపుచ్చేది అదే, కాబట్టి ఆడవాళ్ల శాంపిల్‌లో దాని ఆర్ఎన్ఏ పుష్కలంగా ఉంటుంది, మగవాళ్లలో దాదాపు ఉండదు, బదులుగా వై క్రోమోజోమ్ జన్యువులు కనిపిస్తాయి. పట్టికలో 'పురుషుడు' అని ఉన్న వరుసలో ఎగ్జిస్ట్ ఆకాశాన్నంటుతూ, వై జన్యువులు సున్నా దగ్గర ఉన్నాయంటే, ఎక్కడో రెండు ట్యూబులు తారుమారయ్యాయన్నమాట. ఆడా మగా తేడా ఇంత కీలకమైన జబ్బులో ఇది చిన్న పొరపాటు కాదు. ఒకే లింగం ఉన్న ఇద్దరి ట్యూబులు మారితే ఈ తనిఖీకి కూడా దొరకదు. ఇంకా మామూలుగా ఎదురయ్యేది ఏమిటంటే, పట్టికలో క్యాథెటర్ అంకెలు జబ్బు తేలిన నాటివి ఉంటాయి, రక్తం ఏళ్ల తరవాతది ఉంటుంది. మధ్యలో రోగికి ఏ మందులు ఇచ్చారో ఉండదు. ప్రోస్టాసైక్లిన్ మందు ఎక్కుతున్న మనిషి రక్తం, ఇంకా మందే మొదలుపెట్టని మనిషి రక్తం పక్కపక్క వరుసల్లో ఏ తేడా లేకుండా కూర్చుని ఉంటాయి.

ఇవన్నీ జాగ్రత్తగా చేస్తే ఏం దొరుకుతుందో కూడా చెప్పాలి. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 281 మంది పీఏహెచ్ రోగుల రక్తంలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన 48 ప్రొటీన్లను కొలిచి, జబ్బు ఏ రకమో కంప్యూటర్‌కు చెప్పకుండానే వాళ్లను విడగొట్టమన్నారు. నాలుగు గుంపులు తేలాయి. ఒక్కో గుంపులో జబ్బు తీవ్రత, బతికే అవకాశం వేర్వేరుగా ఉన్నాయి. డాక్టర్లు పెట్టిన పేర్లకూ (కారణం తెలియనిది, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బు వల్ల వచ్చింది, పుట్టుకతో గుండె లోపం వల్ల వచ్చింది వగైరా) ఈ గుంపులకూ పొంతన లేదు. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో మరో 104 మందిలో చూసినా అవే గుంపులు కనిపించాయి. రెండో చోట కూడా నిలబడింది కాబట్టే నేను దీన్ని నమ్ముతాను. అలాగే 2017లో వెయ్యికి పైగా ప్రొటీన్లను వడపోసి, తొమ్మిది ప్రొటీన్లతో ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పొచ్చని మరో బృందం చూపించింది. ఇవి ఇంకా మామూలు ఆసుపత్రి పరీక్షల్లోకి రాలేదు.

మూడోది, ఎవరి డేటా అన్న ప్రశ్న. ఇప్పటిదాకా పోగైన జన్యు డేటాలో సింహభాగం ఐరోపా సంతతి వాళ్లది. మిగతా జనాల్లో వెతికిన చోటల్లా కొత్త సంగతులు బయటపడ్డాయి. జపాన్ రోగుల్లో ఆర్ఎన్ఎఫ్213 అనే జన్యువులో ఒక మార్పు, తూర్పు ఆసియాలోనే ఎక్కువగా ఉండేది, కొందరిలో ఈ జబ్బుతో ముడిపడి ఉందని తేలింది. చైనాలో పీటీజీఐఎస్ అనే జన్యువు దొరికింది, అది శరీరంలో ప్రోస్టాసైక్లిన్‌ను తయారుచేసే ఎంజైమ్‌కు సంబంధించినదే. స్పెయిన్‌లోని రోమా అనే జాతి కుటుంబాల్లో ఈఐఎఫ్2ఏకే4 జన్యువులో ఒకే పాత మ్యుటేషన్ తరతరాలుగా నడుస్తోందని, అది సిరల్లో మొదలయ్యే తీవ్ర రకాన్ని తెస్తుందని తెలిసింది. ఇవి ఆ జనాల్లో వెతక్కపోతే ఎప్పటికీ తెలిసేవి కావు. ఇంకా వెతకని జనాల్లో ఏముందో! పైగా, ప్రపంచంలో ఎక్కువమంది రోగులు ఎడమ గుండె జబ్బు గ్రూపు వాళ్లు, వాళ్లకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. సిస్టోసోమా అనే పరాన్నజీవి వల్ల బ్రెజిల్ లాంటి చోట్ల వచ్చే రకం మీద, రుమాటిక్ గుండె జబ్బు వల్ల వచ్చే రకం మీద అణు స్థాయి పని చాలా తక్కువ. పరిశోధన డబ్బున్న దేశాల జబ్బుల వెంటే పోతోంది.

ఇక పంచుకోవడం. పరిశోధన పత్రం చివర 'కోరినవారికి డేటా ఇస్తాం' అని రాస్తారు. కోరితే జవాబు రాదు, లేదా జన్యు కొలతలు వస్తాయి గానీ క్యాథెటర్ అంకెలు రావు. రోగుల గోప్యత అంటారు, అది సాకు కాదు, నిజమైన సమస్యే. అరుదైన జబ్బు, అరుదైన మ్యుటేషన్, వయసు, ఊరు కలిస్తే మనిషిని గుర్తుపట్టేయొచ్చు. కానీ దానికి మార్గాలున్నాయి. అర్హత చూసి, ఒప్పందం మీద, నియంత్రణతో డేటా ఇచ్చే ప్రభుత్వ భాండాగారాలు అమెరికాలో, ఐరోపాలో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. మనిషి ఊపిరితిత్తి కణాల అట్లాస్ చూడండి, 486 మంది నుంచి వచ్చిన 24 లక్షల కణాల డేటాను పదుల కొద్దీ అధ్యయనాల నుంచి కలిపి 2023లో అందరి ముందు పెట్టారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? ఆయాసంతో పది మెట్లు ఎక్కలేని మనిషి చెయ్యి చాచి రక్తం ఇచ్చింది ఒక పరిశోధకుడి పేపర్ కోసం కాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నా దృష్టిలో జవాబులు దొరికే చోటు జబ్బు రాకముందే. ఫ్రాన్స్‌లో బీఎంపీఆర్2 మ్యుటేషన్ ఉండి ఏ లక్షణాలూ లేని 55 మందిని ఏటా పరీక్షిస్తూ వచ్చారు. వాళ్లలో ఐదుగురికి జబ్బు బయటపడింది, లెక్కకడితే ఏడాదికి 2.3 శాతం. వాళ్లకు ఆయాసం ముదరకముందే తెలిసింది, మందులు ముందే మొదలయ్యాయి. ఇలాంటి కుటుంబాల నుంచి ప్రతి ఏడూ కొద్దిగా రక్తం దాచిపెట్టి, సెంట్రిఫ్యూజ్ సమయంతో సహా రాసిపెట్టి, దేశాల మధ్య కలిపితే, జబ్బు మొదలైన ఏడాదిలో ఏ ప్రొటీన్ కదిలిందో చూడగలం. ఆఖరి దశ ఊపిరితిత్తులు ఎన్ని చదివినా అది తెలియదు.

మీ విలేకరులకు నా విన్నపం ఒకటుంది. ఈ జబ్బుకో మరో అరుదైన జబ్బుకో 'భారీ డేటాతో ముందడుగు' అని ప్రకటన వచ్చినప్పుడు, ఎంతమంది రోగులు, ఏ ఏ జనాల వాళ్లు, మరో ఆసుపత్రిలో కూడా అదే ఫలితం వచ్చిందా, డేటా ఇప్పుడు ఎక్కడుంది, ఎవరు అడిగితే ఇస్తారు అని ఒక్క ఫోన్ చేసి అడగండి, వచ్చిన జవాబును వార్తలోనే వేయండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదనీ వేయండి. అధ్యయనాల్లో రక్తం ఇస్తున్న రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా సంతకం పెట్టేముందు ఇదే అడగొచ్చు, ఆ హక్కు వాళ్లకుంది. నాలుగు చోట్ల ఇదే ప్రశ్న ఎదురైతే పరిశోధకులు ఐదో చోటికి జవాబు సిద్ధం చేసుకునే వస్తారు.

ఇట్లు,
బయలాజికల్ డేటా విశ్లేషణలో పనిచేస్తున్న మీ పాఠకులలో ఒకరు